కాన్పు గదిలో ఆడవాళ్లే ఉండాలి.. మరి ఆ చదువు చదివేదెవరు?

తెలంగాణలో 100 కాన్పులు జరిగితే దాదాపు 61 పెద్దాపరేషన్లే. ప్రైవేటు ఆస్పత్రులను విడిగా చూస్తే ఆ సంఖ్య 81 దాటుతుంది. సర్కారు దవాఖానాల్లో 44 దాటుతుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ 42.4 శాతం దగ్గర ఉంది. దేశ సగటు 21.5 శాతం. అంటే దేశంలో సగటున జరిగేదానికి తెలంగాణలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కడుపు కోసి బిడ్డను తీస్తున్నారు.

అవసరమైనప్పుడు తల్లినీ బిడ్డనూ బతికించేది ఆపరేషనే. అందులో అనుమానం లేదు. కానీ ఒక ప్రాంతంలో సిజేరియన్లు 10 శాతం దాటాక, ఇంకా పెరిగినంత మాత్రాన తల్లుల మరణాలు, పసిబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మరి మిగతా కోతలు ఎందుకు? ‘ఉమ్మనీరు తగ్గింది’, ‘పేగు మెడకు చుట్టుకుంది’, ‘ఇంకా ఆగితే మా బాధ్యత కాదు’ అన్న మాటలు వినని ఇల్లు రెండు రాష్ట్రాల్లోనూ అరుదు. వాటిలో కొన్ని నిజమైన ప్రమాదాలు. కొన్ని మాత్రం గంటల తరబడి పక్కన ఉండి కనిపెట్టుకునే మనిషి లేక తీసుకున్న నిర్ణయాలు.

ఆ మనిషే మిడ్‌వైఫ్. ఇంటర్ బైపీసీ పాసై, నీట్‌లో సీటు దొరక్క, తర్వాత ఏం చదవాలా అని ఆలోచిస్తున్న ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ పేరు దాదాపు వినిపించదు. ముస్లిం కుటుంబాల్లో ఇంకా తక్కువ. కోడలి కాన్పుకు ‘లేడీ డాక్టరేనా? లోపల మగవాళ్లు ఉండరు కదా?’ అని నాలుగుసార్లు అడిగే కుటుంబమే, తన కూతురు ఆ గదిలో పనిచేస్తానంటే ఒప్పుకోదు. ఈ తేడా గురించి మాట్లాడుకోవాల్సిన సమయం వచ్చింది. ఎందుకంటే తప్పు ఇళ్లలోనే లేదు, దేశంలో ఈ చదువును పెట్టిన తీరులోనూ ఉంది.

దాయి వేరు, మిడ్‌వైఫ్ వేరు

మిడ్‌వైఫ్ అనగానే చాలామందికి పాతకాలపు దాయి, మంత్రసాని గుర్తొస్తారు. దాయికి అనుభవం ఉండేది, చదువు ఉండేది కాదు. రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఆమె చేయగలిగింది తక్కువ. నిజాం కోడలు నీలోఫర్ తన పరిచారిక రఫత్ కాన్పులో చనిపోవడం చూసి కలతపడి, తల్లీబిడ్డల ఆస్పత్రి కోసం పూనుకున్నారని హైదరాబాద్‌లో తెలియనివారు ఉండరు. 1953లో తెరిచిన నీలోఫర్ ఆస్పత్రి వెనుక ఉన్నది ఆ చావే. ఈ 70 ఏళ్లలో చాలా మారింది. తెలంగాణలో ఇప్పుడు 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018-20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతుంటే తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. ఇల్లు వదిలి దవాఖానాకు రావడం వల్ల ప్రాణాలు దక్కాయి. ఇప్పుడు సమస్య, వచ్చిన తర్వాత లోపల ఏం జరుగుతోందన్నది.

చదువుకున్న మిడ్‌వైఫ్ పని గర్భం నిలిచినప్పటి నుంచి మొదలవుతుంది. నెలనెలా బీపీ, రక్తం, బిడ్డ ఎదుగుదల చూస్తుంది. నొప్పులు మొదలయ్యాక పక్కనే ఉంటుంది. బిడ్డ గుండె చప్పుడు వింటుంది, తల్లిని నడిపిస్తుంది, పక్కకు తిప్పి పడుకోబెడుతుంది, ధైర్యం చెబుతుంది. మామూలు కాన్పు తానే చేస్తుంది. తేడా కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలుస్తుంది. బిడ్డ పుట్టాక పాలు పట్టించడం, బాలింత ఆరోగ్యం, తర్వాతి కాన్పుకు ఎడం పాటించడం దాకా ఆమె బాధ్యతే. 88 దేశాల పరిస్థితిని లెక్కగట్టి 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ఒక అధ్యయనం వేసింది. మిడ్‌వైఫ్‌లు ఇవ్వగల సేవలన్నీ అందరికీ అందితే 2035 నాటికి తల్లుల మరణాల్లో 67 శాతం ఆపవచ్చని అది అంచనా కట్టింది.

ముస్లిం కుటుంబాలు ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటుంది. కాన్పు ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లిందంటే మత్తు డాక్టర్, సహాయకులు ఉంటారు. వాళ్లు ఆడవాళ్లే అవుతారన్న హామీ ఏ ఆస్పత్రీ ఇవ్వలేదు. మిడ్‌వైఫ్ చేతుల మీద సాఫీగా జరిగే కాన్పులో మొదటి నుంచి చివరి దాకా ఆడవాళ్లే ఉండే వీలు ఎక్కువ. పర్దా గురించి పట్టింపు ఉన్న కుటుంబం ముందుగా అడగాల్సింది మిడ్‌వైఫ్ ఉందా అని.

పట్టాలో పేరుంది, పని లేదు

ఇక చదువు సంగతి. భారతదేశంలో ఇంటర్ అవగానే నేరుగా మిడ్‌వైఫరీ డిగ్రీలో చేరే దారి లేదు. ఉన్నవన్నీ నర్సింగ్‌తో కలిపిన కోర్సులే. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏఎన్ఎం, జీఎన్ఎం పేర్లలోని చివరి అక్షరం ‘ఎం’ మిడ్‌వైఫ్‌కు, మిడ్‌వైఫరీకి గుర్తు. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయి రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటే ‘రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్’ అన్న రెండు హోదాలూ వస్తాయి.

కాగితం మీద ఇది బాగానే ఉంది. చదువులోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. 2021 నుంచి అమల్లోకి వచ్చిన సిలబస్ ప్రకారం బీఎస్సీ నర్సింగ్‌లో 8 సెమిస్టర్లు. మిడ్‌వైఫరీ పాఠం ప్రధానంగా వచ్చేది ఆరు, ఏడు సెమిస్టర్లలో. అదీ స్త్రీల జబ్బుల పాఠంతో కలిపి, ఇతర సబ్జెక్టుల పక్కన. మిగతా కాలమంతా జనరల్ వార్డులు, సర్జరీ, పిల్లల జబ్బులు, మానసిక ఆరోగ్యం, గ్రామీణ ఆరోగ్యం. నర్సుకు ఇవన్నీ అవసరమే. కానీ నాలుగేళ్ల చదువులో ఒక మూలన ఉన్న పాఠంతో ఒక అమ్మాయి ఒంటిచేత్తో కాన్పు చేసే ధైర్యం సంపాదించడం కష్టం.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మామూలు కాన్పు చేయడం పుస్తకంలో రాదు, చూసి, చేసి నేర్చుకోవాలి. కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆస్పత్రిలో 10 కాన్పులకు 8 ఆపరేషన్లయితే విద్యార్థిని నేర్చుకునేది ఎక్కడ? ఆమె చూసేది థియేటర్‌కు తల్లిని సిద్ధం చేయడం, కుట్లకు డ్రెస్సింగ్ చేయడం. అలా చదివినవాళ్లే రేపు లేబర్ రూంలో డ్యూటీకి వస్తారు. మామూలు కాన్పు మీద నమ్మకం లేని సిబ్బంది ఉన్నచోట ఆపరేషన్లు తగ్గవు. ఆపరేషన్లు తగ్గనిచోట కొత్తవాళ్లు నేర్చుకోలేరు. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వేలాడుతోంది.

ఉద్యోగంలో చేరాక మూడో చిక్కు. ఆస్పత్రుల్లో నర్సులను వార్డులు మారుస్తుంటారు. ఈ ఆరు నెలలు లేబర్ రూం, తర్వాత ఐసీయూ, తర్వాత ఔట్ పేషెంట్. కాన్పుల పనిలో చేయి తిరిగిన నర్సును ఎముకల వార్డుకు పంపితే ఆ అనుభవం అక్కడితో పోతుంది.

కరీంనగర్ నుంచి మొదలైన ప్రయత్నం

ఈ లోటు ప్రభుత్వాలకు తెలియంది కాదు. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లోనే సొంతంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్ ఆ సంస్థతో కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ స్టాఫ్ నర్సులకు 18 నెలల శిక్షణ ఇప్పించాయి. మరుసటి ఏడాది, 2018 డిసెంబర్‌లో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది. ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అన్న 18 నెలల కోర్సు అలా వచ్చింది. జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, కాన్పుల పనిలో అనుభవం ఉన్నవాళ్లే ఇందులో చేరగలరు.

2023 ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌కు దారి వేసింది. చట్టం పేరులోనే మిడ్‌వైఫరీ అన్న మాట చేరింది. ఇది చిన్న విషయం కాదు.

అయినా ఇంటర్ పాసైన అమ్మాయి వైపు నుంచి లెక్క వేసి చూడండి. నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత లేబర్ రూంలో ఉద్యోగం, ఆ తర్వాత 18 నెలల శిక్షణ. చదువే ఐదున్నరేళ్లు. మధ్యలో ఉద్యోగ అనుభవం కలిపితే ఆమె పూర్తిస్థాయి మిడ్‌వైఫ్ అయ్యేసరికి ఎంబీబీఎస్ చదివిన ఆమె క్లాస్‌మేట్ డాక్టర్ అయిపోతుంది. ఈలోగా పెళ్లి, పిల్లలు. చాలామంది ఆ 18 నెలల దాకా రానే రారు.

బంగ్లాదేశ్ ఏం చేసింది?

పక్కనే ఉన్న బంగ్లాదేశ్ వేరే దారి పట్టింది. 3,000 మంది మిడ్‌వైఫ్‌లను తయారుచేస్తామని 2010లో ఐక్యరాజ్యసమితిలో ఆ దేశం మాటిచ్చింది. 12వ తరగతి పాసైన అమ్మాయి నర్సింగ్‌తో పనిలేకుండా నేరుగా చేరే మూడేళ్ల మిడ్‌వైఫరీ డిప్లొమా పెట్టింది. అంతటితో ఆగకుండా మిడ్‌వైఫ్ పేరు మీదే ప్రభుత్వ పోస్టులు సృష్టించింది. 2018 నాటికి వెయ్యి మందికి పైగా ఉపజిల్లా ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. కానీ ఒక ముస్లిం మెజారిటీ దేశంలో వేలాది సాధారణ కుటుంబాలు తమ కూతుళ్లను ఈ చదువుకు పంపాయి. కారణం కష్టమైనదేం కాదు. చదువు ఆడవాళ్ల కోసం, పని ఆడవాళ్ల మధ్య, చివర్లో ప్రభుత్వ ఉద్యోగం.

బ్రిటన్‌లో మిడ్‌వైఫరీ మూడేళ్ల విశ్వవిద్యాలయ డిగ్రీ. కాలంలో సగం క్లాసులో, సగం ఆస్పత్రిలో, తల్లుల ఇళ్ల దగ్గర. చదువు ముగిసేలోపు సాధారణంగా 40 మంది తల్లులకు స్వయంగా కాన్పు చేయాలన్నది అక్కడి నియమం. అక్కడి రిజిస్టర్‌లో నర్సుల భాగం వేరు, మిడ్‌వైఫ్‌ల భాగం వేరు. ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ చేసి వెళ్లినవాళ్లు నర్సుగా నమోదైనంత మాత్రాన మిడ్‌వైఫ్‌గా పనిచేయలేరు, దానికి విడిగా అర్హత చూపాలి, విడిగా పరీక్ష రాయాలి. ‘పట్టాలో మిడ్‌వైఫ్ అని ఉంది కదా’ అని ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి. బ్రిటన్ వెళ్లి ఈ డిగ్రీ చదవాలనుకునేవారికి ఇంకో మాట. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే 20 లక్షల విదేశీ విద్యా స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీలకే. డిగ్రీకి దానిమీద ఆశ పెట్టుకోకూడదు.

ఇంట్లో వినిపించే అభ్యంతరాలు

నైట్ డ్యూటీ, మగ పేషెంట్లు, యూనిఫాం, చివరగా ‘నర్సా? సంబంధాలు ఎలా వస్తాయి?’ అన్న ప్రశ్న. ముస్లిం కుటుంబాలు నర్సింగ్‌కు వెనకాడేది ఎక్కువగా ఈ నాలుగింటి దగ్గరే. వీటిని కొట్టిపారేస్తే లాభం లేదు, ఒక్కొక్కటిగా చూడాలి.

నైట్ డ్యూటీ నిజం. బిడ్డలు పగలే పుట్టాలన్న నియమం లేదు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక వేళాపాళా చూడడం కుదరదు. కాబట్టి అడగాల్సింది రాత్రి డ్యూటీ ఉందా అని కాదు, హాస్టల్ నుంచి ఆస్పత్రికి వాహనం ఉందా, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు, విశ్రాంతి గదికి తాళం ఉందా అని. ఇదే అమ్మాయి ఎంబీబీఎస్ చదివితే హౌస్‌సర్జన్‌గా రాత్రుళ్లు చేయాల్సిందే. అప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడు వస్తోందంటే అది రాత్రి గురించి కాదు, హోదా గురించి.

మగ పేషెంట్ల మాటా నిజమే. బీఎస్సీ నర్సింగ్‌లో మగవాళ్ల వార్డుల్లో పని నేర్చుకోక తప్పదు. ఈ కారణంతోనే ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయి. నేరుగా చేరే మిడ్‌వైఫరీ డిగ్రీ ఉంటే ఈ అడ్డంకి చాలావరకు పోతుంది, ఎందుకంటే అందులో పేషెంట్లంతా తల్లులే. అంటే దేశంలో లేని ఆ ఒక్క కోర్సే ఈ కుటుంబాలకు అన్నిటికన్నా సరిపోయే కోర్సు. ఈ సంగతి ఇంతవరకు ఏ మైనారిటీ సంఘం వినతిపత్రంలోనూ గట్టిగా కనబడలేదు.

యూనిఫాం విషయం కాలేజీని బట్టి మారుతుంది. తల కప్పుకోవడానికి ఒప్పుకుంటారా, పొడుగు చేతులకు ఒప్పుకుంటారా అని చేరకముందే అడిగి తెలుసుకోవాలి. లేబర్ రూంలో మాత్రం శుభ్రత నియమాల ప్రకారం మోచేతుల దాకా కడుక్కోవాలి, స్టెరైల్ గౌను వేసుకోవాలి. అది తల్లి ప్రాణానికి సంబంధించింది, అందులో బేరం ఉండదు.

ఇక హోదా. మదీనాలో మస్జిద్ దగ్గర గుడారం వేసి గాయపడినవాళ్లకు సేవ చేసిన రుఫైదా అల్ అస్లమియా పేరు ప్రసంగాల్లో గౌరవంగా చెప్పుకుంటారు. అదే పని చేసే అమ్మాయి సంబంధం వస్తే మొహం చిట్లిస్తారు. దీనికి ఏ సర్కారూ జీవో ఇవ్వలేదు.

అటువైపు వాదన

నేరుగా మిడ్‌వైఫరీ డిగ్రీ పెట్టడానికి ప్రభుత్వం వెనకాడడానికి కారణాలు లేకపోలేదు. నర్సింగ్ చదివిన అమ్మాయి ఏ వార్డులోనైనా పనిచేస్తుంది, గల్ఫ్‌కూ వెళ్తుంది. మిడ్‌వైఫరీ ఒక్కటే చదివితే లేబర్ రూం తప్ప వేరే ఉద్యోగం దొరకదు. పోస్టులు లేకుండా కోర్సు పెడితే పట్టాలు పట్టుకుని ఖాళీగా కూర్చోవాలి. కొందరు గైనకాలజిస్టులకు తమ బాధ్యత పెరిగి అధికారం తగ్గుతుందన్న అనుమానం ఉంది. ఇక ప్రైవేటు ఆస్పత్రుల లెక్క చూస్తే, గంటలో ముగిసే ఆపరేషన్‌కు బిల్లు ఎక్కువ, రాత్రంతా కాపు కాయాల్సిన మామూలు కాన్పుకు బిల్లు తక్కువ. తెలంగాణలో దాదాపు సగం కాన్పులు ప్రైవేటులోనే జరుగుతున్నప్పుడు ఈ లెక్క మారకుండా మిడ్‌వైఫ్‌కు గిరాకీ రాదు.

ఈ వాదనల్లో బలముంది. అందుకే కోర్సు, పోస్టు రెండూ కలిపి అడగాలి. ముందు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో మిడ్‌వైఫ్ పేరుతో విడి కేడర్, వార్డులు మార్చకూడదన్న నియమం. ఆ తర్వాత డిగ్రీ. బంగ్లాదేశ్ నుంచి నేర్చుకోవాల్సింది ఇదే.

ఫీజు కట్టేముందు

అప్పటిదాకా ఉన్న దారి బీఎస్సీ నర్సింగ్. దీనికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, 17 ఏళ్లు నిండాలి. తెలంగాణలో కన్వీనర్ కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. ప్రవేశ పరీక్ష నిబంధన మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషనే చూడాలి. బీసీ-ఇ కిందికి వచ్చే కుటుంబాలు సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోవాలి. కౌన్సెలింగ్ రోజున మీసేవ చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకోకూడదు.

కాలేజీని ఎంచుకునేముందు ఈ ప్రశ్నలు అడగండి. కౌన్సిల్, విశ్వవిద్యాలయం గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? అనుబంధ ఆస్పత్రి ఏది, అక్కడ నెలకు ఎన్ని కాన్పులు, అందులో మామూలు కాన్పులు ఎన్ని? విద్యార్థినులను ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రికి పంపుతారా, ఎన్ని వారాలు? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటారా? రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేని కాలేజీలో మిడ్‌వైఫరీ నేర్చుకోవడం కుదరదని అర్థం.

సమాజం చేయగలిగిన పని కూడా ఉంది. 2016లో మొదలై 204కు చేరిన తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో వేల మంది ఆడపిల్లలు చదువుతున్నారు. వాళ్లలో బైపీసీ వాళ్లకు నీట్ గురించి చెప్పే రోజే ఈ దారి గురించీ చెప్పవచ్చు. లేబర్ రూంలో పనిచేస్తున్న నర్సును పిలిచి ఒక గంట మాట్లాడించవచ్చు. స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ట్రస్టులు ఎంబీబీఎస్, ఇంజినీరింగ్‌లతో పాటు నర్సింగ్‌కూ, 18 నెలల మిడ్‌వైఫరీ కోర్సుకూ కొన్ని పేర్లు కేటాయించవచ్చు. ఉద్యోగం చేస్తూ ఆ 18 నెలలకు వెళ్లాలనుకునే నర్సుకు ఇంట్లో పిల్లలను చూసుకునే మనిషి కావాలి. ఆ సాయం అత్తగారింటి నుంచే రావాలి.

ఇప్పుడు బీఎస్సీ మొదటి సంవత్సరంలో చేరే అమ్మాయి పూర్తి మిడ్‌వైఫ్‌గా నిలబడడానికి తక్కువలో తక్కువ ఆరేడేళ్లు పడుతుంది. ఈ ఏడాది పదో తరగతి రాస్తున్న పిల్లలు తల్లులయ్యే కాలానికి ఆమె సిద్ధంగా ఉంటుంది. కాన్పు గదిలో ఎవరుండాలన్నది ఆ రోజు ఆస్పత్రి కౌంటర్ దగ్గర అడిగితే తేలేది కాదు. ఇప్పుడు ఇళ్లలో తీసుకునే నిర్ణయంతో తేలుతుంది.